కాలి పుండుకి గుండె పరీక్ష ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా నాన్నకి 58 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. మే నెలలో ఆదివారం అరసవల్లి వెళ్లి మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా తిరిగాడు, సాయంత్రానికి అరికాల్లో బొబ్బ లేచింది, అదే ఇప్పుడు పుండై చీము పడుతోంది. నొప్పి లేదంటాడు, పొలానికీ వెళ్లిపోతున్నాడు. రక్తపరీక్షలో సీఆర్‌పీ అనే ప్రొటీన్ 64 వచ్చింది. డాక్టర్ గారు ఈసీజీ, ఎకో కూడా రాశారు. కాలికి పుండైతే గుండెకి పరీక్షలేంటని నాన్న గొడవ. సీఆర్‌పీ పెరిగితే గుండెపోటేనని ఎవరో అన్నారు, అప్పట్నుంచి నాకు భయం. — ఓ కూతురు

జవాబు: అమ్మా, మీ డాక్టర్ గారు సరిగ్గా చెప్పారు, ఆ పరీక్షలు చేయించండి.

ముందు ఆ 64 సంగతి. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్, వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నా లివర్ సీఆర్‌పీని ఎక్కువగా తయారుచేస్తుంది. కాలు చీము పట్టి ఉంది కాబట్టి పెరిగింది, దాంతో గుండె లెక్క కట్టకూడదు. గుండె కోసం చూసే హెచ్‌ఎస్ సీఆర్‌పీలో కూడా 10 దాటితే ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ చూడమంటాం.

అలాగని కాలికీ గుండెకీ సంబంధం లేదనుకోకండి. నొప్పి లేదంటున్నాడు చూశారా, నాకు అదే భయం, షుగర్ వల్ల నరాలు మొద్దుబారాయన్నమాట, అలాంటివాళ్లకి గుండెపోటు వచ్చినా ఒక్కోసారి ఛాతీనొప్పి తెలీదు, ఉత్త ఆయాసం, చెమటలు, నీరసం అంతే. పైగా కాలి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటే గుండె నాళాల్లోనూ పేరుకునే ఉంటుంది చాలామందికి. పుండు మానకుండా నెలలు గడిస్తే ఐఎల్-6 లాంటి వాపు రసాయనాలు రక్తంలో తిరుగుతూ ఆ కొవ్వు మీదుండే పొరని బలహీనం చేస్తాయి, పొర చిట్లిందా అక్కడే రక్తం గడ్డకడుతుంది, గుండెపోటంటే అదే. వాపు ఒక్కటే తగ్గించినా ఫలితం ఉంటుందని 2017లో కాంటోస్ అనే మందు ట్రయల్‌లో తేలింది, వాపు తగ్గించే కానకినుమాబ్ ఇంజెక్షన్ ఇస్తే కొలెస్ట్రాల్ తగ్గకపోయినా గుండెపోట్లు తగ్గాయి, కానీ ఆ ఇంజెక్షన్‌తో ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి, పుండున్న మనిషికి అది పనికిరాదు.

మనకి పనికొచ్చేవి మామూలు మందులే. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో కాలిపుండు ఉన్నవాళ్లందరికీ గుండె రిస్క్ చూసి బీపీ, కొలెస్ట్రాల్ మందులు గట్టిగా ఇవ్వడం మొదలుపెట్టాక అయిదేళ్లలో చనిపోయేవాళ్లు 48 శాతం నుంచి 27 శాతానికి దిగారు, 2008లో వచ్చిన లెక్క ఇది. అందుకే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) కావాలా, ఆస్పిరిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర) కావాలా అని మీ డాక్టర్‌ని అడగండి, సొంతంగా వేయొద్దు. కాలి చీలమండ దగ్గర బీపీ కూడా చూడమనండి, రక్తం కిందికి సరిగా వెళ్తోందో లేదో తెలుస్తుంది.

పుండు మీద బరువు పడితే ఎంత మందు వేసినా మానదు కాబట్టి నాన్నని దమ్ము పొలంలోకి అస్సలు దిగనివ్వకండి, ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవనివ్వొద్దు. ఎరుపు పైకి పాకినా, చలిజ్వరం వచ్చినా, వేలు నల్లబడినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి.