ఆ పచ్చరెక్కల పక్షి మన పావురమేనా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మారేడుమిల్లి వెళ్ళినప్పుడు, అడవి బాటలో ఎండుటాకుల మధ్య ఏదో ఏరుకు తింటున్న పక్షిని చూశాను. రెక్కలు పచ్చగా, ముక్కు ఎర్రగా ఉన్నాయి. నడుస్తూ తల ఆడించే తీరు మాత్రం అచ్చం మా బాల్కనీలో చేరే పావురానిదే. రెండూ ఒకే జాతివా? మా పావురాలను పట్టి అడవిలో వదిలితే అక్కడే బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు చూసినది మరకత పావురం. మర్రి, రావి పండ్ల కోసం గుంపులుగా కొమ్మల మీద వాలే పచ్చగువ్వ కూడా ఆకుపచ్చగానే ఉంటుంది కానీ, అది నేల మీదికి దిగడం అరుదు. ఎండుటాకుల మధ్య గింజలు, రాలిన పండ్లు ఏరుకోవడం మరకత పావురం అలవాటు. తమిళనాడు రాష్ట్ర పక్షి ఇదే.

మీ బాల్కనీ పావురానిదీ దీనిదీ కుటుంబం ఒకటే, జాతులు వేరు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు పావురాల ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) అయిన ‘కొలంబా’లోనే చేర్చాడు, తరువాతివారు విడదీసి, కంచు పావురం అనే అర్థం వచ్చే ‘కాల్కోఫాప్స్’లో ఉంచారు. పోలికలు మీ కంటికి ఆనడంలో వింత లేదు. రెండూ సాధారణంగా రెండేసి గుడ్లు పెడతాయి, ఆడ మగ రెండూ గొంతు సంచిలో ఊరే పాలవంటి పదార్థంతో పిల్లలను సాకుతాయి, నీళ్ళు తాగేటప్పుడు చాలా పక్షుల్లా గుక్కగుక్కకూ తల పైకెత్తకుండా ముక్కు ముంచి ఏకబిగిన పీల్చుకుంటాయి. ఎండపొడ పడితే లోహంలా తళుక్కుమనే ఆ పచ్చ రెక్క నీడలోకి జరగగానే నల్లబడి, పక్షి ఎక్కడుందో తెలియకుండా పోతుంది. మీ పావురం మెడ మీది ఊదా, పచ్చ మెరుపులు కూడా చూసే కోణాన్ని బట్టి ఇలాగే మారతాయి.

అసలు తేడా అవి నివసించే చోటులో ఉంది. ఊరి పావురం పూర్వీకులు కొండచరియల పగుళ్ళలో గూడు పెట్టుకున్న కొండ పావురాలు. మనిషి వాటిని వేల ఏళ్ళ క్రితమే మచ్చిక చేసుకున్నాడు. ఆ పెంపుడు పావురాల్లో తప్పించుకుపోయినవాటి సంతతే నేటి నగరాల్లోని గుంపులు. వాటి లెక్కలో మీ అపార్ట్‌మెంటు ఒక కొండ, కిటికీ సజ్జ ఒక రాతి అరుగు, ఏసీ వెనక సందు ఒక గుహ. మరకత పావురం అలా కాదు. పొదలోనో చిన్న చెట్టు మీదనో నాలుగు పుల్లలు పేర్చి గూడనిపిస్తుంది, ఎక్కువగా ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది, అలికిడైతే నేలకు తక్కువ ఎత్తులో చెట్ల మధ్య నుంచి దూసుకుపోతుంది. అడవిలో ప్రాణం కాపాడే ఈ వేగమే అద్దాల భవనాల దగ్గర దాని ప్రాణం తీస్తుంది. సింగపూర్‌లో కిటికీలకు కొట్టుకుని చనిపోయే పక్షుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే అద్దంలోని చెట్టు నీడను అది నిజం చెట్టే అనుకుంటుంది.

ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: దయచేసి వదలకండి. ఇంటిదారి పట్టడంలో పావురం దిట్ట. ఒడిశా పోలీసులు 1946 నుంచి దశాబ్దాల పాటు వీటితో ఉత్తరాలు పంపించుకున్నది ఈ గుణాన్ని నమ్మే. మీవి చాలావరకు తిరిగి వస్తాయి, రాలేనివి అడవిలో చెట్టు నీడను కాక మళ్ళీ ఏ గుడి గోపురాన్నో, వంతెననో వెతుక్కుంటాయి. బాల్కనీలో వాటి రాక తగ్గాలంటే గింజలు చల్లడం మానండి, బాల్కనీకి వల కట్టించండి, గుడ్లు పెట్టకముందే, తొలి రెండు పుల్లలు కనిపించిన రోజే వాటిని తీసివేయండి. రెట్టలను పొడిగా ఊడవకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళతో తడిపి తీయండి. ఆ ధూళి కొందరి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.