ఆ ఆసుపత్రి సీను తీసెయ్

నస్రీన్ బేటీకి,

దువా. నీ కథ అందింది. వాక్యం నడపడం నీకు వచ్చు, సంతోషం. నాలుగో పేజీలో ఆసుపత్రి దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితాలు పక్కన పడేశాను. అమెరికా సైనికులు వార్డులోకి జొరబడతారు, గాజుపెట్టెల్లోంచి పసికందుల్ని లాగి చల్లటి నేల మీద పడేస్తారు, పెట్టెలు ఎత్తుకుపోతారు, నర్సు గుండెలు బాదుకుంటుంది. ఈ సీను ఎక్కడిదమ్మా? ఎవరైనా వాట్సాప్‌లో పంపారా?

ఎక్కడిదో నేను చెప్తాను. అది 1990 అక్టోబర్ 10న వాషింగ్టన్‌లో పుట్టింది. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించుకుని ఉన్న రోజులవి. నయీరా అనే పదిహేనేళ్ల పిల్ల, ఇంటిపేరు చెప్పకుండా, అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు కూర్చుని ఏడ్చింది. కువైట్ ఆసుపత్రిలో ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి పిల్లల్ని తీసి నేల మీద వదిలేస్తుంటే కళ్లారా చూశానంది. అది అధికారిక కమిటీ కాదు కాబట్టి ప్రమాణం చేయించే పనే లేదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ ఆ మాట పట్టుకుని ఉపన్యాసం మీద ఉపన్యాసం దంచాడు. ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ కూడా ఇంక్యుబేటర్ల కథ నమ్మి నివేదికలో రాసి, తర్వాత వెనక్కి తీసుకుంది. 1991 జనవరి 12న అమెరికా సెనేట్ 52–47 ఓట్లతో ఇరాక్ మీద యుద్ధానికి సరేనంది. ఏడాది గడిచాక తెలిసింది, ఆ పిల్ల అమెరికాలో కువైట్ రాయబారి కూతురని. వెనకుండి నడిపించింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ, దానికి ఫీజు కట్టిన సంఘం నడిచింది కువైట్ సర్కారు సొమ్ముతో.

ఆక్రమణలో ఇరాక్ సైన్యం చేసిన అఘాయిత్యాలు అబద్ధమని కాదు. చంపారు, దోచారు, మనుషుల్ని మాయం చేశారు. ఈ ఒక్క సీను మాత్రం డబ్బిచ్చి చేయించుకున్నది. సామ్రాజ్యవాదాన్ని దులిపేద్దామని నువ్వు రాసిన కథలో సామ్రాజ్యవాదం తన యుద్ధం కోసం వాడుకున్న సీనే ఆడుతోంది. యూనిఫారాలు మార్చావు, అంతే.

నేనెప్పుడూ ఒకటే పాట పాడతానని నా మీద చాలామందికి విసుగు. అయినా పాడతాను. అన్యాయం గురించి రాసేటప్పుడు ఊరి పేరు, తేదీ, చేసినవాడి పేరు లేకుండా ఒక్క చావు కూడా రాయకూడదు. నీ కథ ‘ఒకానొక ముస్లిం దేశం’లో జరుగుతుంది. మొరాకోనా, ఇండోనేషియానా? పేరు పెట్టకపోతే కథ అందరిదీ అవుతుందని ఏ వర్క్‌షాపులోనో చెప్పుంటారు. ఈమధ్య కథలకంటే వర్క్‌షాపులే ఎక్కువయ్యాయి. పేరు పెడితే రేపు ఎవడైనా నిలదీస్తాడు, జవాబు చెప్పుకోవాలి. ఆ బాధ తప్పించుకోడానికే ఈ ఒకానొకలు.

పసిపిల్లల చావే రాయాలనుకుంటే హలబ్జా రాయి. 1988 మార్చి 16, ఇరాక్‌లో కుర్దుల ఊరు, ఇరాన్ సరిహద్దు పక్కన. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం విమానాలు విషవాయువు బాంబులు వేశాయి. అప్పటికి ఇరాన్‌తో అతని యుద్ధం నడుస్తోంది. దాదాపు 5,000 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. గుమ్మం ముందు బిడ్డను పొదివి పట్టుకుని బోర్లాపడిపోయిన ఒక మనిషి ఫొటో ఉంది, వెతికి చూడు. అప్పుడు అమెరికాకు సద్దాం కావలసినవాడు, అందుకే ఇరాన్ మీదికి అనుమానం నెట్టింది. కువైట్, సౌదీ ఆ ఇరాన్ యుద్ధానికే సద్దాంకు అప్పుల మీద అప్పులిచ్చి ఉన్నాయి, నోరు మెదపలేదు. చచ్చినవాళ్లూ ముస్లింలే, చంపించినవాడూ ముస్లిమే. నిజంగా చచ్చిన పిల్లల కోసం ఎవరూ సైన్యాన్ని దించలేదు. మరి నీ కథలో అరబ్బు పాలకుడు ఒక్కడైనా ఎందుకు లేడు?

హలబ్జా మీద నేనో కథ రాశాను. ఒక వారపత్రిక ఎడిటరు తిప్పి పంపుతూ, ‘మీవాళ్ల ఇళ్లల్లో కష్టాలు రాయండి, తలాక్ లాంటివి’ అని చీటీ పెట్టాడు. మనవాళ్లకు చూపిస్తే మొహాలు ముడుచుకున్నాయి. 1991లో మన మొహల్లాల్లో మగపిల్లలకు సద్దాం అని పేరు పెట్టుకున్నారు తెలుసా? ఆ సద్దాములకు ఇప్పుడు ముప్పై దాటాయి. అప్పట్లో నేను విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ఉన్నాను. ఇంక్యుబేటర్ల వార్త మొదటి పేజీలో బాక్సు కట్టి వేశారు. నయీరా అసలు సంగతి ఏజెన్సీ పంపినప్పుడు తెలుగు చేసి ఇస్తే, మా న్యూస్ ఎడిటరు ‘యుద్ధం అయిపోయిందిగా సాబ్’ అని బుట్టదాఖలు చేశాడు. రంజాన్ వస్తే మాత్రం హలీం మీద ఐటం కావాలని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఏమాటకామాట, హలీం మీద బాగానే రాసేవాణ్ణి.

నీ కథ చివర్లో దేవుడు న్యాయం చేస్తాడని తల్లి చేత పేజీన్నర ఉపన్యాసం ఇప్పించావు. అది కొట్టెయ్. న్యాయం ఎలా నడిచిందో తెలుసుకుని రాయి. సద్దాంను 2006 డిసెంబర్ 30న ఉరితీసింది ఇరాక్‌లోనే దుజైల్ అనే ఊళ్లో 148 మందిని చంపించిన కేసులో. అప్పటికి కుర్దుల ఊచకోత కేసు సగంలో ఉంది. మనిషే పోయాక అతని మీది అభియోగాలూ పోయాయి, హలబ్జాకు అతని చేత జవాబు చెప్పించే వీల్లేకపోయింది. హలబ్జా దాడి చేయించిన అతని పినతండ్రి కొడుకు అలీ హసన్ అల్ మజీద్‌ను 2010లో ఉరితీశారు. సద్దాంకు రసాయనాలు అమ్మిన డచ్చి వ్యాపారి ఫ్రాన్స్ వాన్ అన్‌రాట్‌కు అతని సొంత దేశం కోర్టే 2005లో పదిహేనేళ్లు వేసింది. కోర్టులో ఆ వ్యాపారిని, అతనికెదురుగా కూర్చున్న ఒక కుర్దు తల్లిని ఊహించుకో. నీ పేజీన్నర అవసరం ఉండదు.

కథతో పెట్టిన ఉత్తరంలో ఒక్క ముక్క రాసి వదిలేశావు, మీ మామ 1990లో కువైట్ నుంచి జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా రాయచోటి చేరాడని. అప్పుడు మనదేశం విమానాల్లో తీసుకొచ్చినవాళ్లు లక్షకు పైమాటే. ఆయన దగ్గర కూర్చో. ఏ లారీలో ఎడారి దాటాడు, ఎవడికెంత ఇచ్చుకున్నాడు, సేఠ్ దగ్గర జీతం ఎంత ఆగిపోయింది, అడుగు. ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ ఫారం నింపాడా అనీ అడుగు. ఆ కమిషన్ 2022 నాటికి ఇరాక్ చమురు డబ్బులోంచి 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది, మన కూలీలూ దరఖాస్తులు పెట్టారు. కువైట్ ఆక్రమణ నష్టాలకే ఆ కమిషన్, హలబ్జావాళ్లకు అందులో దారి లేదు. మీ మామకు చెక్కు వచ్చుంటే ఎంతొచ్చిందో, ఏం చేశాడో రాసుకో.

బహుమతుల గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి ఏదో అడిగావు. ముందుమాట రాయను, ఎవరికీ రాయట్లేదు. తిరగరాశాక ఫోన్లో పీడీఎఫ్ పంపకు, కళ్లు లాగుతున్నాయి. పెద్దక్షరాల్లో ప్రింటు తీసి పోస్టులో వెయ్యి. పేజీలకు నంబర్లు వెయ్యి, ఈసారి ఏడో పేజీ తర్వాత తొమ్మిదో పేజీ వచ్చింది.

మీ అమ్మకు సలాం చెప్పు.