ఎద రోజులు లెక్కపెట్టి రాయండి: ఒక యువ రచయితకు లేఖ

హైదరాబాదు

ప్రియ మిత్రులకు,

ఆవుల చూలును పోగొట్టే ఒక సూక్ష్మజీవి గురించిన మీ వ్యాసం శ్రద్ధగా చదివాను. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చదువుకున్నవారు కనుక శాస్త్ర విషయంలో పొరపాట్లు లేవు. ట్రైట్రైకోమోనాస్ ఫీటస్ అనే ఏకకణ జీవి ఆబోతు దాటినప్పుడు (జతకట్టినప్పుడు) ఆవుకు సోకుతుందనీ, ఆబోతులో ఏ లక్షణమూ చూపకుండా లింగాన్ని కప్పిన చర్మపు మడతల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుందనీ సరిగానే చెప్పారు. లోటల్లా ఒక్కటే. "సోకిన ఆవు యోనిలో ఈ జీవులు అధిక సంఖ్యలో ఉంటాయి" అని రాసి ముందుకు సాగిపోయారు. ఏ రోజున?

ఆవు ఎద చక్రం, అంటే ఒకసారి ఎదకు (దాటుకు సిద్ధపడే దశకు) వచ్చాక మళ్లీ వచ్చేదాకా పట్టే కాలం, సుమారు 21 రోజులు. ఆ రోజులను బట్టే ఈ జీవుల సంఖ్య పెరిగి తగ్గుతుంది. కొత్తగా సోకిన ఆవుల యోని స్రావంలో ఈ హెచ్చుతగ్గులను హామండ్, బార్ట్‌లెట్ అనే పరిశోధకులు 1945లోనే నమోదు చేశారు. మళ్లీ ఎదకు రావడానికి 3 నుంచి 7 రోజుల ముందు సంఖ్య హెచ్చుగా ఉంటుంది. అందుకే తక్కిన రోజుల్లో తీసిన నమూనాలో ఏమీ కనిపించకపోయినా ఆవు ఆరోగ్యంగా ఉందని తీర్మానించలేం.

ఈ హెచ్చుతగ్గులకు కారణం చెప్పేటప్పుడు మాత్రం కలాన్ని కాస్త బిగబట్టండి. ఎద ముగిశాక అండం విడుదలైన చోట కార్పస్ లూటియం అనే గ్రంథి ఏర్పడి ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును స్రవిస్తుంది. గర్భాశయ ముఖద్వారం మూసుకుంటుంది, స్రావం చిక్కబడుతుంది, గర్భకోశపు రక్షణ మందగిస్తుంది. చూలు నిలవకపోతే ఆ కార్పస్ లూటియం కరిగి, ఈస్ట్రోజన్ అనే మరో హార్మోను పెరిగి, పలుచని జిగురు తీగలు జారి, తెల్ల రక్తకణాలు గర్భకోశంలోకి చేరతాయి. ఇన్ని మార్పులు ఒకేసారి జరుగుతున్నప్పుడు, సంఖ్యను పెంచింది ఫలానా హార్మోనేనని ఒక్క వాక్యంలో తేల్చేయడం తొందరపాటు. పరీక్షనాళికలో హార్మోను కలిపి చూసిన ఫలితం పరీక్షనాళికదే; అక్కడ తీగలూ ఉండవు, తెల్ల కణాలూ ఉండవు.

మీరు రెండు వాక్యాలతో సరిపెట్టిన భాగమే నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది. ఎద చక్రం ఈ జీవిని ఎలా ప్రభావితం చేస్తుందో, ఈ జీవీ ఎద చక్రాన్ని అలాగే తారుమారు చేస్తుంది. పిండం కొన్ని వారాలు పెరిగి చనిపోతే, 21 రోజులకు రావలసిన ఎద నెలన్నరకో, రెండు నెలలకో వస్తుంది. రైతు "సూది సరిగా పడలేదు" అని ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను నిందిస్తాడు. కొన్ని ఆవుల్లో చనిపోయిన పిండం బయటపడక గర్భకోశం చీముతో నిండుతుంది, కార్పస్ లూటియం కరగదు, ఎద రానే రాదు. ఇంట్లోవాళ్లు చూడి కట్టిందనుకుని మురిసిపోతుంటారు. ఇందుకు భిన్నంగా, దాటు ఆపి ఎదలు మామూలుగా రానిస్తే చాలా ఆవులు సుమారు మూడు నెలల్లో తమంతట తామే ఈ జీవిని వదిలించుకుంటాయి, అయితే ఆ రక్షణ శాశ్వతం కాదు. వ్యాసంలో సగం దీనికే ఇవ్వండి.

కృత్రిమ గర్భధారణకు వీర్యం సేకరించే కేంద్రాల గురించి ఒక పేరా చాలు. గడ్డకట్టించిన వీర్యంలోనూ ఈ జీవి బతకగలదు కనుకనే అక్కడి ఆబోతులకు దీని పరీక్ష తప్పనిసరి అని చెప్పి వదిలేయండి. అచ్చోసిన ఆబోతును తిట్టుగా మాత్రమే ఎరిగిన మన నగర పాఠకులకు, ఊళ్లో అది ఆవు నుంచి ఆవుకు ఏం మోసుకెళ్లగలదో ఆ పేరాలోనే తెలుస్తుంది.

ఇక మీరు జత చేసిన సూక్ష్మదర్శిని చిత్రం స్పష్టంగా ఉంది, ముందున్న మూడు కశాభాలూ (కొరడాల్లాంటి పోగులు) లెక్కపెట్టేలా ఉన్నాయి. దాని కింద నమూనా తీసిన తేదీ, ఆ ఆవు అంతకుముందు ఎదకు వచ్చిన తేదీ రెండూ వేసి, సవరించిన ప్రతిని పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి