కూడాలా, తీసెయ్యాలా అమ్మా?

"మా బాబు మూడో తరగతి. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు తడబడకుండా చేస్తాడు. అదే లెక్క మాటల్లో ఇస్తే నా మొహం చూసి 'కూడాలా, తీసెయ్యాలా?' అంటాడు. మా వారు ఇంటికొచ్చేలోపు హోంవర్క్ అవ్వకపోతే గొడవే. 'అంతా నీ పోలికే, మీ పుట్టింట్లో ఎవరికి లెక్కలొచ్చాయి గనక' అని వాడి ముందే అంటారు. అందుకని నేనే చెప్పి రాయించేస్తున్నాను. వాణ్ణి అబాకస్‌లో చేర్పించాలా, ట్యూషన్ పెట్టించాలా?" అని ఒక తల్లి రాశారు.

రెండూ వద్దమ్మా. అబాకస్ వేగం నేర్పుతుంది. మీ వాడికి ఆ కొరత లేదని మీరే రాశారు. ఇక ట్యూషన్‌లోనూ 'కూడు' అని చెప్పేసేవాళ్ళే దొరికితే, మీరు చేస్తున్న పనికే డబ్బు కట్టినట్టవుతుంది.

ఆయన వచ్చేసరికి పేజీ నిండాలన్న తొందర మీది, వాడిది కాదు. మొగుడి నోట మాట పడకూడదని మీరు జవాబు అందిస్తున్నారు. అమ్మ మొహంలో జవాబు దొరుకుతుంటే ఏ పిల్లాడు మాత్రం లెక్క చదువుతాడు? 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలనే అటూ ఇటూ చేసి వయసు చెప్పేశారు. అంకెలు కనబడితే ఏదో ఒకటి చేసి చూపించాలని వాళ్ళకు అలవాటైపోయింది. మీ ఇంట్లోనూ అదే అలవాటు అవుతోంది.

'మొత్తం అంటే కూడు, ఇచ్చేస్తే తీసెయ్' అని కూడా చెప్పే ఉంటారు. అది మానేయండి. 'రవి 6 పెన్సిళ్ళు ఇచ్చేశాడు, ఇంకా 9 ఉన్నాయి, మొదట ఎన్ని?' అని అడిగితే, ఇచ్చేశాడన్న మాట పట్టుకుని 3 అంటాడు. జవాబు 15. 'రవి దగ్గర 12 గోళీలున్నాయి, అవి గీత దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ, గీత దగ్గరెన్ని?' ఇక్కడ 'ఎక్కువ' చూసి 17 వేస్తాడు. గీత దగ్గరున్నవి 7. ఇలాంటి పోలిక లెక్కలే పిల్లల్ని ఎక్కువగా తికమక పెడతాయి.

రోజుకు ఒక్క లెక్క, పావుగంట, అంతే. ముందు అంకెలు తీసేసి చదవండి: 'రవి దగ్గర కొన్ని గోళీలున్నాయి, అవి గీత దగ్గరున్న వాటికంటే ఎక్కువ.' పుస్తకం మూయించి, ఏం జరిగిందో వాడి మాటల్లో చెప్పమనండి. చెప్పలేకపోతే పెన్సిల్ పట్టనివ్వకండి, మళ్ళీ చదవాల్సిందే. వాడు చదివితే అర్థం కాక, మీరు చదివి వినిపిస్తే చేసేస్తున్నాడంటే చిక్కు చదవడంలో ఉంది, లెక్కలో కాదు. బడి భాష వేరు, ఇంటి భాష వేరు అయితే ఇంటి భాషలోనే చెప్పించండి.

కథ చెప్పాక రెండు పట్టీలు గీయించండి, రవిది పొడుగు, గీతది పొట్టి. రవి పట్టీ మొత్తానికి 12, గీత పట్టీ దాటి బయటికొచ్చిన ముక్కకు 5. గీత జవాబు 12 కంటే పెద్దదా, చిన్నదా అని లెక్క వెయ్యకముందే అడగండి. బొమ్మ సరిగ్గా పడితే కూడాలా, తీసెయ్యాలా అన్న ప్రశ్నే రాదు. జవాబు ఒట్టి '7' అని కాక, 'గీత దగ్గర 7 గోళీలున్నాయి' అని రాయించండి. దాన్ని మళ్ళీ కథలో పెట్టి, 7 కంటే 5 ఎక్కువైతే 12 అవుతుందో లేదో చూడమనండి. వారానికోసారి తిరగేసి ఆడండి. మీరు '15 – 6' అంటే దానికో కథ వాడు కట్టాలి.

వాడు 'కూడాలా?' అని మీ వైపు తిరిగితే 'నువ్వు గీసిన బొమ్మ ఏమంటోంది?' అని అడిగి ఊరుకోండి. అలా ఊరుకోవడమే మీకు కష్టం. దీనికి మీకు లెక్కలు వచ్చి ఉండాల్సిన పని లేదు.

మీ వారి మాట సంగతి వేరు. పుట్టింటిని ఎత్తిపొడిస్తే దిగమింగడం ఓర్పు అనుకుంటున్నారేమో, నేననుకోను. లెక్కలు రాకపోవడం మీ పోలికని వాడు రోజూ వింటున్నాడు, కొన్నాళ్ళకు నమ్ముతాడు కూడా. వాడు పడుకున్నాక చెప్పండి: 'నన్ను అనాల్సింది ఉంటే నాతో అనండి, వాడి ముందు వద్దు. ఈ నెలరోజులు లెక్కల దగ్గర నేను కూర్చుంటాను.' గొంతు పెంచక్కర్లేదు, బతిమాలక్కర్లేదు.

ఆయన వచ్చేసరికి పేజీ సగమే అయితే సగంలోనే ఉండనివ్వండి. మిగతావి చెయ్యలేదని బడిలో చెప్పుకోవడానికి వాడికి మీ సంతకం చాలు.