డీఎస్సీలో సెలెక్టయ్యాక పాత కొట్లాట కేసు సంగతి ఫారంలో రాయాలా?

అడిగినాయనకు కాలేజీ రోజుల్లో ఒక కొట్లాట కేసు ఉందట. రాజీ కూడా అయిపోయిందట. ఇప్పుడు టీచర్ పోస్టు వచ్చింది, రాస్తే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్.

రాయండి. నేనూ రాశాను, ఇప్పుడు ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా చేస్తున్నా.

మాది దర్శి వైపు, సాగర్ కాలవ చివరి భూములు. పైనోళ్లు తూముకు అడ్డం పెడితే మాకొచ్చేది బురదే. 2011లో ఒక రాత్రి మిరపకు తడి పెట్టే వంతు మాదైతే, వరసకు బాబాయి అయ్యే ఆయన నీళ్లు తన చేలోకి తిప్పుకున్నాడు. పార గట్టు మీద పడేసి ఆయన చొక్కా పట్టుకున్నా. ఆయన కాలవలో పడ్డాడు, మోచెయ్యి గీసుకుపోయింది. తెల్లారేసరికి నా మీదా మా అన్న మీదా కేసు: ఐపీసీ 323 (కొట్టడం), 506 (బెదిరించడం), దానికి తోడు 34 (కలిసి చేయడం). మా అన్న ఆ రాత్రి ఒంగోలులో డ్యూటీలో ఉన్నాడు! ఉద్యోగస్తుడి పేరు ఇరికిస్తే అవతలోళ్లు తొందరగా దిగొస్తారని మా వైపు ఒక దిక్కుమాలిన తెలివి. ఎంతమంది గవర్నమెంటోళ్లు ఇట్లా పొలం తగాదాల్లో ఇరుక్కున్నారో నాకు తెలుసు. రెండేళ్లు వాయిదాలకు తిరిగి లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం.

2018 డీఎస్సీలో సెలెక్టయ్యాక అటెస్టేషన్ ఫారం (పోలీసు వెరిఫికేషన్ కోసం మన వివరాలు రాసిచ్చేది) నింపడానికి ఒంగోలులో ఒక జెరాక్స్ షాపుకు పోయా. ఆ కుర్రోడు నన్నేమీ అడక్కుండానే కేసుల గడులన్నిట్లో 'లేదు' అని గీకేశాడు. "కేసుంది తమ్ముడూ" అన్నా. పెన్ను ఆపి, "రాజీ అయిందిగా సార్, అందరూ లేదనే రాస్తారు" అన్నాడు. వెనక లైన్లో ఉన్న ఇద్దరు కూడా అదే పాట. కోచింగ్ సెంటర్లో మా సారూ అదే చెప్పాడు. ఫీజులు దండిగా తీసుకున్న మనిషి, ఆ ఫారం ఒక్కసారైనా చదివాడో లేదో.

ఆ గడిలో అడిగేది శిక్ష పడిందా అని ఒక్కటే కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు నడిచిందా అని కూడా. రాజీ అయితే చట్టం లెక్కలో నిర్దోషివే, కానీ కేసు నడిచిన మాట అబద్ధం కాదుగా. ఇంకో సెట్టు కొనుక్కుని నా చేత్తో రాసుకున్నా: నంబరు, సెక్షన్లు, రాజీ తేదీ. కోర్టు నుంచి తెచ్చిన సర్టిఫైడ్ కాపీ కూడా జతచేశా.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే దారిలో ఉంది. అడిగిన వివరం దాచకూడదు. చిన్న కేసైతే దాచినా అధికారులు చూసీచూడనట్టు వదిలేయొచ్చు. అయితే నిజం రాశావు కాబట్టి ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, కేసు ఎలాంటిదో వాళ్లు చూస్తారు. గట్టు తగాదా ఒకటి, పిల్లల జోలికి పోయిన పోక్సో కేసు ఒకటి. రెండో రకం వాళ్ల మీద నాకు జాలి లేదు, వాళ్లు బడి గేటు కూడా తొక్కకూడదు.

ఉద్యోగంలో చేరాక వచ్చే కేసుల కథ వేరు. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క, తర్వాత సగం జీతం బతుకు. శిక్ష పడితే మామూలు విచారణ కూడా లేకుండా తీసేయొచ్చు. అందుకే స్టాఫ్ రూంలో ఎవరైనా ఆవేశపడితే నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెడతా.

వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ మా ఊరొచ్చిన రోజు నా గుండె దడదడ. టీ కొట్టు దగ్గర కూర్చుని, అటుగా వచ్చిన బాబాయినే పిలిచి అడిగాడు. "అవును సార్, కాలవలో తోసింది వీడే" అన్నాడాయన, మోచెయ్యి చూపిస్తూ. నా పని అయిపోయిందనుకున్నా. "పిల్లకాయలకు లెక్కలు మాత్రం బాగా చెబుతాడు, అది కూడా రాసుకోండి" అని టీ డబ్బులు ఆయనే ఇచ్చిపోయాడు.

ఇప్పటికీ కాలవకు నీళ్లొదిలితే ముందు నాకే ఫోన్ చేస్తాడు. "పంతులూ, ఈ రాత్రి వంతు ఎవరిదో ఇప్పుడే తేల్చుకుందాం" అని.