మీ నాన్న గిటార్ గురించి బుజ్జికి

చి. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. మీ నాన్న గిటార్ అటక మీంచి దింపావని, పాలిష్ పట్టించి కొత్తదానిలా చేయిద్దామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. పాలిష్ మాట ముందు మానుకో. మిగతా పనులు ఏది ముందో ఏది వెనకో కింద రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివాకే స్క్రూడ్రైవర్ పట్టుకో.

నువ్వు పంపిన ఫొటోల్లో హెడ్‌స్టాక్ మీద, అంటే తీగలు బిగించే మరలుండే చివర మీద, ఎస్8తో మొదలయ్యే నంబరు ఉంది. నెక్, అంటే పొడవాటి మెడ, మూడు బోల్టులతో బిగించి ఉంది, దాని మీద వేళ్లు నొక్కే ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్. అంటే ఇది కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1978 ప్రాంతంలో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ఎస్8 నంబర్లు 1977లో వచ్చిన వాటి మీదా కనిపిస్తాయి. అందుకని లోపల పాట్ల, అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్ల, వీపు మీది అంకెలు కూడా చూడాలి. 1377812 అని ఉందనుకో, 137 తయారుచేసిన కంపెనీ గుర్తు, 78 ఏడాది, 12 ఆ ఏడాదిలో వారం. గిటార్ ఆ తర్వాతే తయారైందని లెక్క.

బాగుచెయ్యడమంటే ఈ గిటార్ విషయంలో మళ్లీ మోగేలా చెయ్యడమే. చేసిన ప్రతి పనీ కావాలంటే వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి. మీ నాన్న ముంజెయ్యి ఆని ఆని పైఅంచు దగ్గర రంగు అరిగిపోయింది చూడు, దాని జోలికి ఎవర్నీ రానివ్వకు. రంగు తిరిగి వేయించిన పాత గిటార్ ధర దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్క. ధర సంగతి పక్కన పెట్టినా, ఆ అరుగుదల ఒకసారి పోతే ఎవరూ తిరిగి తేలేరు. మార్చిన ప్రతి ముక్కనీ, తుప్పుపట్టిన స్క్రూతో సహా, చిన్న జిప్ కవర్లలో వేసి, ఎక్కడిదో, ఏ తేదీన తీశావో రాసి, గిటార్ పెట్టెలోనే దాచు. విప్పే ముందు ఒక ఫొటో, విప్పాక ఒక ఫొటో తీసుకో.

ముందు శుభ్రం చెయ్యడం. ఇది చిన్న పని. తీగలకు చిలుము పట్టింది కాబట్టి వాటిని మళ్లీ వాడకు. కోసేముందు ఒక్కోదాన్నీ పూర్తిగా వదులు చెయ్యి, బిగువు మీద కోస్తే తెగి మొహానికి కొడుతుంది. గిటార్ ఒంటికి కొంచెం తడిపి గట్టిగా పిండిన మెత్తటి నూలుగుడ్డ చాలు. జిడ్డు వదలకపోతే సిగరెట్ లైటర్లలో పోసే ఫ్లూయిడ్ రెండు చుక్కలు గుడ్డ మీద వేసి తుడువు. కిటికీలు తీసి ఉంచు, వంటింటికి దూరంగా కూర్చో. ఆ కాలపు ఫెండర్ ఒంటి మీదిది మందమైన పాలిస్టర్ పూత, దీనికి చెడిపోదు. స్పిరిట్, శానిటైజర్ మాత్రం దగ్గరికి రానీకు, హెడ్‌స్టాక్ మీది పేరు లేచిపోతుంది. కార్లకు వాడే సిలికాన్ పాలిష్ కూడా వద్దు. అది సందుల్లోకి దిగితే, రేపు ఎక్కడైనా పూత పెచ్చు అతికించాల్సి వచ్చినప్పుడు కొత్త పూత నిలవదు. ఫింగర్‌బోర్డు మనం జిట్రేగి అనే చెక్కే, పూత లేకుండా ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో ఫ్రెట్ల, అంటే అడ్డంగా ఉన్న లోహపు గీతల, అంచుల్లో మురికి తీసి, మినరల్ ఆయిల్ నాలుగైదు చుక్కలు గుడ్డతో రాసి, పది నిమిషాలాగి పొడిగా తుడిచెయ్యి. కొబ్బరినూనె, ఆవనూనె వద్దు, కొన్నాళ్లకు ముక్కవాసన వచ్చి జిగురు కడతాయి.

ఇక శబ్దం సంగతి. జాక్‌లో కేబుల్ పెడితే బరబరమంటోందనీ, ఒక్కోసారి అసలు పలకడం లేదనీ అన్నావట. పికప్‌లు, అంటే తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతపు చుట్టలు, పోయాయని ఎవరైనా అంటే వెంటనే నమ్మకు. ఎక్కువసార్లు తప్పు జాక్‌లోనే ఉంటుంది. జాక్ బిగించిన పళ్లెం రెండు స్క్రూల మీద ఉంటుంది. విప్పి చూస్తే జాక్ నట్టు వదులై, ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, వెనక తీగ టంకం దగ్గర విరిగి ఉంటుంది. లేదా ప్లగ్ కొనను పట్టుకునే రేకు వంగి పట్టు పోయి ఉంటుంది. రేకును వేలితో కొంచెం లోపలికి వంచి, దాని మీది నల్లదనాన్ని గుడ్డతో తుడిచి, జాక్‌ను వెనక నుంచి పట్టుకుని నట్టు బిగించు. జాక్‌ను పట్టుకోకుండా నట్టు తిప్పితే అది కూడా తిరిగి తీగ తెగుతుంది.

పికప్‌లు బతికున్నాయో లేదో ఏమీ విప్పకుండానే తెలుసుకోవచ్చు. గిటార్‌లో కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండో చివర ప్లగ్ కొన మీద ఒక మల్టీమీటర్ మొన, దాని ఒంటి మీద ఇంకోటి పెట్టు. మీటర్ 20 కిలో ఓమ్‌ల మీద ఉండాలి. స్విచ్ ఒకటి, మూడు, ఐదు స్థానాల్లో 5.5 నుంచి 6 దాకా వస్తే మూడు పికప్‌లూ బాగున్నట్టే. రెండు, నాలుగు స్థానాల్లో రెండేసి పికప్‌లు పక్కపక్కన పనిచేస్తాయి కాబట్టి దాదాపు సగం, 2.8 ప్రాంతంలో వస్తుంది. అది చూసి కంగారుపడకు. మీటర్ పరిధి దాటినట్టు చూపిస్తే, 2 మెగా ఓమ్‌లకు మార్చి చూడు. 250 కిలో ఓమ్‌ల దగ్గర ఆగితే ఆ పికప్ తీగచుట్ట తెగిందన్నమాట, నీకు కనిపిస్తున్నది వాల్యూమ్ పాట్ విలువ. సున్నా వస్తే ఎక్కడో తీగ తీగకు తగిలింది. చుట్ట తెగినా పికప్ పారేయకు. దానిది 42 గేజ్ రాగి తీగ, 0.063 మి.మీ. మందం. చెమట, ఉప్పుగాలి లోపలికి దిగితే తినేస్తాయి. పికప్‌లు చుట్టేవాళ్ల దగ్గరే తిరిగి చుట్టించాలి. ఫ్యాన్లకు, మోటార్లకు వైండింగ్ చేసే షాపుకి ఇవ్వకు, అక్కడి యంత్రం ఈ సన్నతీగను తెంపేస్తుంది. పాత అయస్కాంతాలను అలాగే ఉంచమని చెప్పు.

నాబ్ తిప్పినప్పుడు వచ్చే బరబర పాట్లది. ఇందుకోసం ముందుభాగాన ఉన్న ప్లాస్టిక్ పలక ఎత్తాలి. దానికి 11 స్క్రూలు. పలకను లాక్కుండా నెమ్మదిగా తిరగెయ్యి. దాని నుంచి రెండు తీగలు జాక్‌కి, ఒకటి వెనక గదిలో స్ప్రింగులు తగిలించిన కొక్కేనికి వెళ్తాయి. ఆ మూడోది తెగితేనే చాలా గిటార్లు గుయ్యిమంటాయి. పాట్ కాళ్ల పక్కన ఉన్న సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చిన్న చిమ్ము, తర్వాత నాబ్ ఈ చివర నుంచి ఆ చివరికి ముప్పైసార్లు. బళ్లకు కొట్టే తుప్పు వదిలించే స్ప్రే వాడకు. అది పాట్ లోపల ఉండాల్సిన గ్రీజును కడిగేసి దుమ్మును పట్టుకుంటుంది. ఇది చేసినా బరబర పోకపోతేనే పాట్ మార్చు, 250 కిలో ఓమ్‌లదే పెట్టు. టంకం వెయ్యాల్సివస్తే 60/40 రోసిన్ కోర్ తీగ, చిన్న పనులకు 40 వాట్ల ఐరన్, ఆ కొక్కేనికి మాత్రం 60 వాట్లు కావాలి, అది వేడిని మింగేస్తుంది. గిన్నెలకు మాట్లు వేసేవాళ్ల దగ్గరుండే ఆసిడ్ ఫ్లక్స్ ముట్టకు, ఆరు నెలల్లో తీగలు పచ్చబడి తెగుతాయి.

ఇంకో పరీక్ష. ఒకే తీగచుట్ట ఉన్న ఇలాంటి పికప్‌లకు కొంచెం గుయ్యిమనడం సహజం. తీగల మీద చెయ్యి వేస్తే గుయ్యి తగ్గితే ఎర్త్ బాగున్నట్టు. చెయ్యి వేస్తే పెరిగిందంటే జాక్ దగ్గర రెండు తీగలూ తారుమారయ్యాయి.

నెక్ విషయంలో మాత్రం తొందరపడకు, ఇక్కడే గిటార్లు పాడవుతాయి. కొత్త తీగలు 0.009 నుంచి 0.042 అంగుళాల సెట్ వేసి, సరిగ్గా శ్రుతి చేసి, ఒక రోజు అలాగే వదిలెయ్. తర్వాత ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావుదాన్ని, మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ ఒంటిలో కలిసే చోటా నొక్కి పట్టుకుని, ఎనిమిదో ఫ్రెట్ మీద సందు చూడు. బైక్ మెకానిక్‌లు వాల్వుల సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆటో స్పేర్ షాపుల్లో దొరుకుతుంది, అదే వాడు. 0.25 నుంచి 0.30 మి.మీ. ఉంటే ముట్టుకోకు. అంతకంటే ఎక్కువైతే నెక్ ముందుకు వంగింది, హెడ్‌స్టాక్ దగ్గర కనిపించే బుల్లెట్ నట్టును కుడివైపుకి తిప్పాలి. దానికి 1/8 అంగుళం అలెన్ కీ. మన దగ్గర 3 మి.మీ. కీ సులువుగా దొరుకుతుంది, పట్టినట్టే ఉంటుంది, కానీ 1/8 అంటే 3.175 మి.మీ. ఆ కాస్త తేడాకే లోపలి అంచులు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత ఏ కీ పట్టదు. సరైన కీ తెప్పించుకునేదాకా ఆగు. ముందు తీగలు కొంచెం వదులు చేసి, నట్టును ఎడమవైపుకి కాస్త తిప్పి కదులుతుందో లేదో చూసుకుని, ఆపైన కుడివైపుకి ఎనిమిదో వంతు చుట్టు. మళ్లీ శ్రుతి చేసి, మర్నాడు కొలువు. ఒకేసారి పావు చుట్టు దాటొద్దు. బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకు, లోపలి కడ్డీ తెగితే ఫింగర్‌బోర్డు ఊడదీసి గానీ మార్చలేరు.

మూడు బోల్టుల నెక్‌లకు ఒక అలవాటుంది: పక్కకు జరుగుతాయి. మొదటి తీగ పై ఫ్రెట్ల దగ్గర అంచు దాటి జారిపోతుంటే, తీగలు వదులు చేసి, మూడు బోల్టులూ అర చుట్టు వదిలి, నెక్‌ను చేత్తో నెమ్మదిగా పక్కకి నెట్టి, సరిపడగానే బిగించు. డ్రిల్ మెషిన్‌తో కాదు, చేత్తో. నెక్ పూర్తిగా విప్పినప్పుడు కింద కాగితపు ముక్కో రేకో కనిపిస్తే తీసెయ్యకు, కావాలనే పెట్టి ఉంటారు.

తీగల ఎత్తు 12వ ఫ్రెట్ మీద ఆరో తీగకు 2 మి.మీ., మొదటి తీగకు 1.6 మి.మీ. ఇంకా దించుదామనిపిస్తుంది, దించకు. ఈ ఫింగర్‌బోర్డు 7.25 అంగుళాల వంపుతో బాగా గుండ్రంగా ఉంటుంది. బాగా దించితే తీగను పైకి సాగదీసినప్పుడు మధ్య ఫ్రెట్లకు తగిలి స్వరం గొంతు నొక్కేసినట్టు ఆగిపోతుంది. పికప్‌ల ఎత్తు కూడా చూడు. చివరి ఫ్రెట్ నొక్కి కొలిస్తే లావు తీగ కింద 2.4 మి.మీ., సన్నతీగ కింద 2 మి.మీ. ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వణుకుతుంది, ఎంత శ్రుతి చేసినా కుదరదు. చివరగా 12వ ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే హార్మోనిక్‌నూ, నొక్కిన స్వరాన్నీ పోల్చు. నొక్కినది పైశ్రుతి పలికితే సాడిల్‌ను, అంటే ఒంటి వైపు తీగ ఆనే ముక్కను, వెనక్కి జరుపు. సాడిల్ స్క్రూలు తుప్పుతో కదలకపోతే సన్నని నూనె ఒక చుక్క సూదితో వేసి రాత్రంతా వదిలెయ్, మర్నాడు తిప్పు.

ఫ్రెట్లలో గుంటలు పడ్డాయి. గిటార్ మెకానిక్ సమం చేసి గుండ్రం చేస్తే సరిపోవచ్చు. మిగిలిన ఎత్తు అర మిల్లీమీటరు కంటే తగ్గితేనే కొత్తవి వేయించు.

మీ నాన్న దాంతో పాటు అమెరికా నుంచి ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్ (ఆంప్) కూడా తెచ్చి ఉంటే అది ప్లగ్‌లో పెట్టకు. అది 120 వోల్టులది, మన 230లో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వెనక రాసిన వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు మొయ్యగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లగ్‌కి రెండే కాళ్లుంటే దానికి ఎర్త్ లేదు. గిటార్ తీగలు ఆంప్ ఇనుప పెట్టెకు కలిసి ఉంటాయి, ఎర్త్ లేని ఆంప్‌లో పట్టుకుని మైక్ ముట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మూడు కాళ్ల ప్లగ్ వేయించి, ఇంట్లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. ఆంప్ వెనక మూత నువ్వు తియ్యకు. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. ఏళ్లుగా వాడని ఆంప్‌ను మెకానిక్ మొదటిసారి సిరీస్ బల్బు పెట్టి వెలిగించాలి.

ఎక్కడ పెట్టాలో చెప్తాను. అటక ఇక వద్దు, ఎండాకాలం అక్కడి వేడికి జిగురు మెత్తబడుతుంది. మీ విశాఖలో వానాకాలం చెమ్మ 80 శాతం దాటుతుంది, చెక్కకు 45 నుంచి 55 కావాలి. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొని పెట్టెలో పెట్టు. చెమ్మ పెరిగితే సిలికా జెల్ 200 గ్రాములు గుడ్డసంచిలో వెయ్యి, రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడు. ఏసీ గదిలో చెమ్మ మరీ తగ్గి చెక్క కుంచించుకుపోతే ఫ్రెట్ చివర్లు బయటికొచ్చి చెయ్యి గీసుకుంటుంది, అది తెలిసిపోయే గుర్తు. పెట్టెలో బూజు వాసన వస్తే పెట్టెను ఎండలో పెట్టు, గిటార్‌ను కాదు. నాఫ్తలిన్ ఉండలు వద్దు, వాటి ఆవిరి పాత ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. తీగలు పూర్తిగా తీసేసి దాచకు, నెక్ వెనక్కి వంగుతుంది. అర స్వరం కిందకి దించి ఉంచు. రెండు వారాలకోసారి తీసి వాయించి, పొడిగుడ్డతో తుడిచి పెట్టు.

ఫ్రెట్ల పనికీ, పికప్ చుట్టడానికీ మెకానిక్‌కి ఇవ్వక తప్పదు. ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద రాయి: చెయ్యాల్సిన పనులు ఇవి, రంగు ముట్టుకోకూడదు, కొత్త రంధ్రం వెయ్యకూడదు, తీసిన ప్రతి ముక్క తిరిగి ఇవ్వాలి, అదనంగా ఏం చెయ్యాలన్నా ముందు ఫోన్ చెయ్యాలి. సీరియల్ నంబరు కూడా రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. దానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర వదిలిరాకు.

అలెన్ కీ దొరక్కపోతే చెప్పు, ఇక్కడి నుంచి పంపిస్తాను. మీటర్‌లో వచ్చిన ఐదు అంకెలూ నాకు మెసేజ్ పెట్టు.

ఇట్లు,
మావయ్య