మొంబాసా వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు కెన్యా షూటింగుకు అసిస్టెంట్ కాస్ట్యూమ్ డిజైనరుగా వెళ్తున్నావనీ, 20 రోజుల పని మొంబాసా సముద్రతీరంలోనే అనీ నిన్న మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో సినిమా బట్టలకు సూది పట్టినవాణ్ణి ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే, ఇక నువ్వూ చేరావని పొంగిపోయాను కానీ, ఊరి పేరు విన్నాక మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, ఆ కార్డును పాస్‌పోర్టులోనే పెట్టుకో. అది లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైనుకు పంపుతారు. ఇన్సూరెన్సు కాగితం మేనేజరు దగ్గర ఉందిలే అని ఊరుకోకుండా ఒక నకలు నీ సంచిలో ఉంచుకో. మిగిలిన జాగ్రత్తలు మీ అమ్మ ఎలాగూ చెబుతుంది.

1998లో మేము ఒక పాట కోసం అదే తీరానికి వెళ్లాము. అప్పుడు మన విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టిన భవనం దానికి దగ్గర్లోనే ఉంది. బట్టల పెట్టెలు లెక్కపెట్టుకునే హడావుడిలో నాకు ఆ ధ్యాసే లేదు. మలేరియా రాకుండా డాక్టరు వారానికొకటి వేసుకోమని మెఫ్లోక్విన్ మాత్రలు ఇచ్చాడు. వాటితో పీడకలలు వస్తాయని ఎవరో అన్నారు, నాకు నిజంగానే వచ్చాయి. కలలో హీరోయిన్ లంగాకు అంచు కుడుతూ ఉంటే దారం అయిపోతూనే ఉండేది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను.

పన్నెండో రోజు ఉదయం ఒళ్లు వేడెక్కింది. ఇస్త్రీ పెట్టె ముందు నిలబడేవాడికి అది వింతేమీ కాదు గనక పట్టించుకోలేదు. మధ్యాహ్నం మండుటెండలో పళ్లు టకటక కొట్టుకునేంత చలి పుట్టింది, సూదిలో దారం ఎక్కించలేకపోయాను. పారాసిటమాల్ మింగితే చెమట పట్టి జ్వరం దిగింది, సాయంత్రం పని చేశాను. మర్నాడూ అదే నాటకం ఆడాను. రెండు రోజుల్లో లొకేషన్ అనుమతి ముగుస్తుంది, ఏ షాటులో ఏ చీర, ఏ గాజులు అన్న కంటిన్యుటీ అంతా నా పుస్తకంలో ఉంది, నేను పడుకుంటే షూటింగు ఆగిపోతుందని నా నమ్మకం. ఇంకా నిజం చెప్పాలంటే, జబ్బు మనిషని పేరు పడితే తరువాతి సినిమాకు పిలవరేమోనన్న భయమూ, రోజువారీ బేటా డబ్బు పోతుందన్న లెక్కా నా నోరు నొక్కేశాయి.

మూడో రోజు బట్టల వ్యాను ఎక్కబోతూ కూలిపోయాను. డ్రైవరు నా నుదురు ముట్టుకుని "హోమా, హోమా" అన్నాడు. నాకెవరో హోమం చేయిస్తున్నారేమోనని ఆ మైకంలో అనుకున్నాను. వాళ్ల స్వాహిలీలో ఆ మాటకు జ్వరమని అర్థమట. మేనేజరుకు కబురు అందేలోపే అతను నన్ను ఆసుపత్రిలో చేర్పించాడు. రక్తపరీక్షలో మలేరియాల్లో ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం అని తేలింది. ఇంకొక రోజు ఆలస్యమైతే మెదడుకు పాకేదేమోనని డాక్టరు అన్నాడు. దాని మందు క్వినైన్ ఎక్కిస్తున్నన్నాళ్లూ నా చెవుల్లో కీచురాళ్లు అరిచాయి. షూటింగు మాత్రం ఆగలేదు. నా సహాయకుడు, 18 ఏళ్ల కుర్రాడు, నా పుస్తకం తెరిచి చూసుకుని పని పూర్తి చేశాడు. అది విని ప్రాణం దక్కినందుకు సంతోషించాలో, నేను లేకపోయినా ఏమీ ఆగలేదని చిన్నబుచ్చుకోవాలో తెలియలేదు. ఇంటికి వచ్చాక చెబితే మీ పెద్దమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నీకూ ఇదే బుద్ధి ఉంది. ఇంటర్ పరీక్షకు 102 డిగ్రీల జ్వరంతో వెళ్లి, రాసి వచ్చాక చెప్పావు. అందరితో పాటు నేనూ మెచ్చుకున్నాను, అది నా పొరపాటు తల్లీ. అక్కడ ఒళ్లు వెచ్చబడిందంటే ఆ పూటే మేనేజరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకో. ఒక మాత్ర వేసుకుని చూద్దామనుకోవద్దు, మలేరియా జ్వరం దిగినట్టే దిగి మళ్లీ ఎక్కుతుంది. ఈ రోజుల్లో మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్ర రోజుకొకటి వాడమంటూ ఉంటారు; దానితో చర్మం ఎండకు త్వరగా కందుతుంది, నువ్వు పగలంతా ఔట్‌డోరులో నిలబడతావని డాక్టరుకు ముందే చెప్పు. అదే రాస్తే తిరిగి వచ్చాక కూడా 4 వారాలు వాడాలి. వచ్చిన కొన్ని నెలల దాకా ఏ జ్వరం వచ్చినా కెన్యా వెళ్లి వచ్చానన్నదే డాక్టరుకు చెప్పే మొదటి మాట కావాలి. నీ కంటిన్యుటీ ఫోటోలు రోజూ ప్యాకప్ కాగానే ఇంకొకరికి పంపు, అప్పుడు నువ్వు నిశ్చింతగా పడుకోగలవు.

మలేరియా దోమ పొద్దుగూకిన దగ్గరి నుంచి తెల్లవారేదాకా కుడుతుంది, మీకేమో రాత్రి షూటింగులు ఉన్నాయట. అందుకని నాలుగు పొడుగు చేతుల నూలు చొక్కాలు కుట్టి ఉంచాను, మణికట్టు దగ్గర ఎలాస్టిక్ పెట్టాను. కొలతలు నీ పాత చొక్కావి, ఇప్పుడు సరిపోతాయో లేదో తెలియదు. ఆదివారం వచ్చి తొడిగి చూసుకో.

పెదనాన్న